కుడిజేబు

ముందు ఫోన్లో ఫోటో చూపించినాడు.
తర్వాత సంచిలోంచి కోటే తీసినాడు.
"ఇలాగే కావాలి మౌలాలి భాయ్, పెళ్లికి.
అచ్చం ఇలాగే. అసలైన సంప్రదాయం."

నశ్యం రంగు కోటు.
కలరా ఉండలూ ట్రంకుపెట్టె తుప్పూ కలిసిన వాసన.
ప్లీడరు గుమాస్తా పెంచలనరసింహం గారిది,
ఈ పిల్లోడికి తాత.
కింద పంచె, పైన ఈ కోటు, మెడ చుట్టూ కండువా,
కాళ్లకు కిర్రుచెప్పులు.
స్టోన్‌హౌస్‌పేట నించి కోర్టు దాకా
రోజూ నడిచే పొయ్యేవాడని మా నాయన చెప్పేవాడు.

"ముఖ్యంగా ఈ పైజేబు చూడండి భాయ్,
ఎడమన కాదు, కుడిపక్క.
ఇప్పుడెవరూ పెట్టరు.
ఆ రోజుల్లో పెద్దమనుషులకి
కుడిజేబే మర్యాదంట."

నేనేమీ అనలా.
నోట్లో నాలుగు గుండుసూదులుండాయి.

సంప్రదాయం ఏందంటే
నలభై రెండేళ్లు ఈ మిషను తొక్కినా
నాకు తెగని లెక్క.
మా దాదా చొక్కాకి కాలరు కుట్టనన్నాడు,
మన మెడకి దొరల పట్టీ ఎందుకని.
మా నాయన కాలరు కుట్టినాడు, బెల్‌బాటం కుట్టనన్నాడు,
వీధులూడ్చేదానికి మునిసిపాలిటీ వుండాది గదా అని.
నేను బెల్‌బాటాలు కుట్టే ఈ మిషను అప్పు తీర్చినా.
ఇప్పుడదే ప్యాంటు మడత పెట్టి తెచ్చి
"పాతకాలం మోడలు భాయ్" అంటారు,
పంతులు గారి గురించి మాట్లాడినట్టు.
పంచె మీద కోటు తొడిగిన మొదటోణ్ణి చూసి
చిన్నబజారు ఎంత నవ్వుకోనుంటాదో,
ఆ నవ్వుని ఎవరూ ట్రంకుపెట్టెలో దాచలా.

రాత్రి షట్టరు సగం దించి
కొలతల కోసం కోటు విప్పినా.
కార్తీకం వాన. కరెంటు పోతా వస్తా ఉండాది.
కుడి అంచున మొదటి బొత్తాం కోసి చూస్తే
దాని కింద మూసుకున్న కన్ను.
రెండోదాని కింద ఇంకో కన్ను.
మూడోదాని కిందా.

పాత కాజాలు.
వెంట్రుకంత దారంతో
చేతికి తగలనట్టు రఫ్ చేసినవి.

అస్తరు ఎత్తినా.
లోపలి ముఖమంతా ఎండకు చచ్చిన రంగు.
మోచేతుల కాడ, అర్జీలు రాసీ రాసీ
బల్లకు రాసుకున్న మెరుపు.

తిరగేసిన కోటు.
పైముఖం వెలిసిపోతే లోపలిది పైకి తెచ్చి
మళ్లీ కుట్టినది.
అట్టా తిరగేస్తే ఎడమది కుడికి పోతాది,
జేబుతో సహా.

మర్యాద కాదు నాయనా.
కొత్త గుడ్డ ఎత్తలేని ఏడు అది.

కొత్త కాజాలు ఎడమన ఉండాయి.
ఒక్కోదాని చివర ఒక అడ్డకుట్టు ఎక్కువ.
అడిగితే, దిష్టికిరా, అనేవాడు మా నాయన.
ఆ చెయ్యి నేను చీకట్లోనన్నా గుర్తుపడతా.
ఈ కోటు సంగతి ఆయన నాకెప్పుడూ చెప్పలా.
గుమాస్తా గారు ఇంట్లో చెప్పుకోలా.
ఇద్దరూ కలిసి
ఆ మాటని లోపలపెట్టి అస్తరేసి కుట్టేసినారు.

పొద్దున్నే పిల్లోడొచ్చినాడు.
విప్పిన కోటుని చూసి కొంచెం బెదిరినాడు గానీ
కళ్లు మాత్రం మెరస్తానే ఉండాయి.
"భాయ్, అసలు కుడివైపే ఎందుకు పెట్టేవాళ్లు?"

గుండుసూదులు నోట్లో పెట్టుకున్నా.
చెయ్యెత్తమని సైగ చేసి
చంక కింద టేపు తిప్పినా.
తాతదే ఛాతీ. ముప్పై ఎనిమిదిన్నర.

జేబు కుడికే పెట్టినా.
గుడ్డ మాత్రం నేనే ఎంచినా,
రెండు ముఖాలా ఒకే నేత ఉండేది.
అతుకుల్లో రెండేళ్ల వెడల్పు ఎక్కువ వదిలినా.
బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగం వాడికి,
తిరగేసే అవసరం రాదు.
ఐనా.

ఎప్పుడన్నా తిరగేస్తే
జేబు గుండె మీదికి వస్తాది.